వడ్ల భద్రయ్య చేసిన రెండో తలుపు

భద్రయ్య చేతుల కింద రందా ఆడుతోంది. టేకు పలక మీద నుంచి పొట్టు చుట్టలుగా రాలుతోంది. సొంతూరు దంతాలపల్లిలో కొత్త ఇల్లు కట్టుకునేటప్పుడు తన దర్వాజకు వాడుకుందామని దాచిన కర్ర అది. భార్య కొమురమ్మ పోయాక ఆ ఇంటి మాట ఆయన ఎత్తలేదు. ఇప్పుడు దాంతో పక్క ఊరి అంగన్‌వాడీకి తలుపు చేస్తున్నాడు. చెయ్యమని అడిగినవారు లేరు.

అక్కడి మొదటి తలుపూ ఆయన చేసిందే. గుత్తేదారు పచ్చి కర్ర తెచ్చి, "రంగేస్తే ఎవలకు ఎరుక?" అన్నాడు. వద్దని ఒక్కసారి చెప్పి భద్రయ్య పని కానిచ్చాడు. ఎండలు ముదరగానే తలుపు మెలిపడింది. గొళ్లెం పడక, కుక్కలు దూరి పిల్లల వంట పాడు చేశాయి. విచారణలో, బిల్లు పాస్ చేసిన ఇంజనీరు మీద మాల్‌ఫీజెన్స్ అని రాశారు. భద్రయ్య పేరు ఎక్కడా రాలేదు. అయినా కొత్త ఇళ్లకు దర్వాజ చట్రం నిలబెట్టి, శుభానికి బట్టలు పెట్టించుకునే పిలుపు ఆయనకు ఆగిపోయింది. ఊళ్లో పలకరింపులూ తగ్గాయి.

మహబూబాబాద్ కోర్టులో వకీలుగా ఉన్న తమ్ముడి కూతురు స్వప్న వచ్చినప్పుడు అడిగాడు.

"ఇంజనీరు మీద రాసిన గా మాటకు అర్థమేంది బిడ్డా?"

"పాత ఫ్రెంచి మాట పెద్దబాపు. మాల్ అంటే చెడ్డగ, ఫీజెన్స్ అంటే చేసుడు. దాని మూలం లాటిన్ల ఉన్నది. కొలువుల ఉండి చెయ్యరాని పని చేసుడన్నట్టు."

"చెయ్యాల్సిన పనే కరాబు చేస్తే?"

"గది మిస్‌ఫీజెన్స్. అసలే చెయ్యకుంటే నాన్‌ఫీజెన్స్. ఏంది, నల్లకోటు కుట్టిచ్చుకుంటవా?"

"నాది నడిమిది."

"నీ మీద కేసే లేదు గద!"

"కేసు లేకుంటే తలుపు సక్కగైతదా?"

ఆమె బస్సెక్కి వెళ్లాక ఆయన అటక మీది కర్ర దించాడు.

చట్రం బిగించి, మూల నుంచి మూలకు దారం పట్టి చూశాడు. అవతలి కొస పట్టేవారు లేక మేకుకు కట్టుకున్నాడు. రెండు వైపులా కొలత సరిపోయింది.

అంగన్‌వాడీలో తలుపు ఎక్కించాక ఆయా నీలి అడిగింది. "ఎవలు పంపిర్రన్నా?"

"ఎవలు పంపలే. లోపలికెళ్లి మూసి చూడు."

గొళ్లెం ఒక్క వేలికే పడింది. లోపల పిల్లలు కేరింతలు కొట్టారు. భద్రయ్య బయట ఒక్కడే నిలబడి విన్నాడు.

"ఇంకోపారి వెయ్యి."

మళ్లీ పడింది. నీలి తలుపు తీసి, "జర కూసో అన్నా, చాయ్ పెడత" అంది.

"మళ్లొకనాడు తాగుత" అని, కొత్త తాళమూ చెవీ ఆమె చేతిలో పెట్టాడు.