అతిథికి మాత్రమే కాఫీ

సత్తెనపల్లిలో కాఫీ అంటే ప్రాణం పెట్టేవాళ్ళు ఆ రోజుల్లో చాలామందే ఉండేవారు గానీ, జ్ఞానప్రసూనాంబ గారంత ఇదిగా పెట్టినవాళ్ళు మాత్రం లేరు. పొద్దున్నే ఒక గ్లాసు, మధ్యాహ్నం ఒక గ్లాసు. అంతే ఆవిడ కోరిక. నగలు అడగలేదు, పట్టుచీరలు అడగలేదు, సినిమాకి తీసుకెళ్ళమని కూడా ఏనాడూ అడగలేదు. పచ్చి గింజలు తెప్పించుకుని, ఇనప మూకుట్లో తనే వేయించి, కిటికీ దగ్గర బల్లకి బిగించిన మరలో తనే ఆడించుకుని, ఇత్తడి ఫిల్టరులో డికాషన్ దిగుతుంటే పక్కనే పీట వాల్చుకుని కూర్చునేది. ఆ కాసేపూ ఎవరు పిలిచినా పలికేది కాదు.

అలాంటి మనిషికి మొగుడు తెచ్చిపెట్టిన ఉపద్రవం చూడండి! యాభై ఏడో సంవత్సరం కాబోలు, ఊళ్ళో పొదుపు సభ పెట్టారు. ఈవిడ భర్త గురునాథం గారు హైస్కూల్లో లెక్కల మాస్టారు. మంచాయనే. కానీ నలుగురి ముందు నిలబెడితే ఆయన నోరు ఆయన చేతిలో ఉండదు. వచ్చినవాళ్ళంతా పొదుపు చెయ్యాలి, పొదుపు చెయ్యాలి అని ఊకదంపుడుగా మాట్లాడుతుంటే ఈయన విసురుగా లేచారు.

"మాటలెందుకండీ! రేపట్నుంచి మా ఇంట్లో కాఫీ బంద్! అతిథి వస్తే మర్యాదకి పెడతాం. మా కోసం మేం చుక్క ముట్టం!"

చప్పట్లే చప్పట్లు. మెళ్ళో నూలు దండ వేశారు. ఆ దండతోనే ఇంటికొచ్చి, వంటింటి గుమ్మంలో నిలబడి భార్యకి సంగతి చెప్పారు.

"నన్నొక్క మాట అడగొద్దుటండీ?" అంది ప్రసూనాంబ.

"సభ మధ్యలో నిన్నెలా అడగనే? ఆవేశం వచ్చేసింది."

ఆయన ఆవేశానికి ఆవిడ కాఫీ పోయింది. దొంగచాటుగా పెట్టుకుని తాగొచ్చుగా అంటారేమో. ఆవిడ సంగతి మీకు తెలీదు. మొగుడు నలుగురిలో ఇచ్చిన మాట పోతే ఇంటి పరువు పోయినట్టే అనుకునే మనిషి. పైగా తలుపు మూసుకుని గుటుక్కున మింగితే అది కాఫీ ఎలా అవుతుంది, కషాయం అవుతుంది గానీ! తీరిగ్గా కూర్చోవాలి, ఊదుకుంటూ తాగాలి. దొంగకాఫీ ఆవిడ గొంతు దిగదు.

కాఫీ లేక ఇద్దరికీ తలనొప్పి పట్టుకుంది. మాస్టారు క్లాసులో ఏడుకి ఎనిమిది కలిపి పదిహేడు వేశారు. పిల్లలు భక్తిగా రాసుకున్నారు. ఆ సాయంత్రం ఇంటికొస్తుంటే ఆయనకి బుర్రలో దీపం వెలిగింది. అతిథి వస్తే కాఫీ పెట్టొచ్చు. అతిథిని ఒక్కణ్ణే తాగమంటే మర్యాద కాదు, తోడుగా ఇంటాయన కూడా తాగాలి. కాబట్టి ఇప్పుడు కావలసిందల్లా ఒక అతిథి!

సరిగ్గా అప్పుడే పరుపుల దూది ఏకే బుడే, భుజాన విల్లు వేసుకుని వీధిలో పోతున్నాడు.

"ఒరేయ్ బుడే! రా, కాఫీ తాగి పోదువుగాని!"

"వద్దులెండి పంతులుగారూ, నాకు కాఫీ పడదు. ఉంటే ఇంత మజ్జిగ పొయ్యమనండి."

"మజ్జిగ తాగితే నువ్వు అతిథివి ఎలా అవుతావురా? కాఫీ తాగితేనే లెక్క!"

పాపం బుడే పెద్దమనిషి మాట కాదనలేక అరుగు మీద కూర్చుని, కళ్ళు మూసుకుని ఆముదం తాగినట్టు తాగాడు. పక్కన మాస్టారు రెండో గ్లాసు ఊదుకుంటూ ఆనందంగా తాగారు. మర్నాడూ అదే, ఆ మర్నాడూ అదే. బుడే కోసం అరుగు గూట్లో వేరే గ్లాసు ఒకటి కొత్తగా కొనిపెట్టారు. ఆ రోజుల తీరు అలాగే ఏడ్చింది లెండి. ఖర్చు తగ్గించడానికి పుట్టిన నియమం ముందుగా ఒక గ్లాసు ఖర్చు పెట్టించింది.

ఒకరోజు బుడేయే అడిగాడు. "అమ్మగారు తాగరా పంతులుగారూ?"

"ఆవిడ అతిథీ కాదు, అతిథికి తోడూ కాదు. ఆడవాళ్ళు వీధి అరుగు మీద కూర్చుని తాగుతారేంట్రా?"

తలుపు వెనక నిలబడి విన్న ప్రసూనాంబకి ఒళ్ళు మండిపోయింది. వేయించేది తను, ఆడించేది తను, కలిపేది తను. గ్లాసులు నిండుగా బయటికి పోతాయి, ఖాళీగా లోపలికొస్తాయి. తోముకునేదీ తనే! కాఫీ లేకపోవడం ఒక బాధ. ఇంట్లో కాఫీ ఉండి, అది తన చేతుల మీదుగానే పోతూ, తనకి లేకపోవడం మరో రకం బాధ. మొదటిదాన్ని ఆవిడ ఎలాగో దిగమింగింది గానీ రెండోది దిగలేదు.

కొన్నాళ్ళకి బుడే ఆ వీధికి రావడమే మానేశాడు. కాఫీ దెబ్బకి నిద్రపట్టక, తెల్లవార్లూ తన ఇంట్లో పరుపులే విప్పి మళ్ళీ మళ్ళీ ఏకుతున్నాడట. భార్య ఖాదర్‌బీ చీపురు తిరగేసిందట. దాంతో మాస్టారు బస్టాండు మీద పడ్డారు.

దాచేపల్లి నుంచి గుంటూరు పోయే బస్సు అక్కడ కాసేపు ఆగుతుంది. చెంచురామయ్య అనే మిరపకాయల వ్యాపారి సోడా తాగుదామని దిగాడు. మాస్టారు ఆయన చెయ్యి పట్టుకున్నారు. "ఇక్కడే అండీ ఇల్లు, ఒక్క గ్లాసు కాఫీ తాగి వెళ్దురుగాని" అంటూ లాక్కొచ్చారు. ఆయన మొదటి గుక్క తాగేలోపు బస్సు వెళ్ళిపోయింది, దాంతో పాటు సీటు మీద పెట్టిన మచ్చు కాయల సంచీ వెళ్ళిపోయింది.

"నువ్వెవరయ్యా అసలు? నీకూ నాకూ ఏంటయ్యా సంబంధం? నేనడిగానా నీ కాఫీ?" అని చెంచురామయ్య వీధి అదిరేలా కేకలేశాడు. తర్వాత శాంతించి, రాత్రికి వంకాయ కూర, గోంగూర పచ్చడి, పేరిన నెయ్యీ వేసుకుని భోంచేశాడు. పొద్దున్నే మళ్ళీ కాఫీ తాగి, టిఫిను చేసి, బస్సు ఛార్జీ కూడా మాస్టారి దగ్గరే పుచ్చుకుని వెళ్ళాడు.

"ఏమండీ," అంది ప్రసూనాంబ, "ఈ పొదుపు ఇంకో ఏడాది చేస్తే ఇల్లు అమ్ముకోవాలి."

"ఖర్చు ఎంతైనా కానీ, మాట నిలబెట్టుకున్నానా లేదా?" అన్నారు మాస్టారు గర్వంగా.

ఆ తర్వాత బస్టాండులో ఆయన కండువా కనపడితే చాలు, కండక్టర్లు "మాస్టారొస్తున్నారు, ఎక్కండి ఎక్కండి!" అని తొందరపెట్టేవారు. సత్తెనపల్లిలో బస్సులు వేళకి బయలుదేరింది ఆ రోజుల్లోనే.

ఇంతలో ముసురు పట్టింది. బస్సులు ఆగిపోయాయి. వీధిలో నల్లరేగడి బురద మోకాలి లోతు. అతిథి కాదు కదా, కాకి కూడా రాలేదు. మాస్టారు తలకి తువ్వాలు బిగించి కట్టుకుని, అరుగు మీద కుర్చీలో మెడ సాచి రోడ్డు వంక చూస్తూ కూర్చున్నారు. వాన తగ్గేదాకా ఆగుదామని బుడే చూరు కిందికొచ్చాడు గానీ, "కాఫీ మాత్రం వద్దు పంతులుగారూ, మీ కాళ్ళు పట్టుకుంటా" అని ముందే దణ్ణం పెట్టేశాడు.

లోపల ప్రసూనాంబ కాఫీపొడి డబ్బా మూత తీసింది. ఘుమఘుమలాడాల్సిన పొడి, చెమ్మ తగిలి, వాసనే లేకుండా పడి ఉంది. ఆవిడకి ఏడుపు ఆగలేదు. ఎవరికీ కాకుండా పోతోందే, నేనేం పాపం చేశాను, అనుకుంది. కాసేపు ఏడ్చి, ముక్కు చీది, లేచి ముఖం కడుక్కుంది. పెట్టెలోంచి ఉతికిన చీర తీసి కట్టుకుంది. గొడుగు పట్టుకుని దొడ్డిగుమ్మంలోంచి బయటపడి, సందు చుట్టూ తిరిగి, బురదలో పడుతూ లేస్తూ వీధి గుమ్మం ముందుకొచ్చి నిలబడింది.

"గురునాథం మాస్టారి ఇల్లు ఇదేనాండీ?"

మాస్టారు నోరు తెరిచారు. "ఏమిటే ఈ వేషం! పిచ్చి గానీ పట్టిందా? లోపలికి నడు!"

"ఈ ఇంటికి అతిథి వస్తే కాఫీ ఇస్తారని ఊరంతా చెప్పుకుంటున్నారండీ. అంత దూరం నుంచి నడిచొచ్చాను."

"నువ్వు ఈ ఇంటి మనిషివే!"

"ఇంటి మనిషినైతే ఇన్నాళ్ళుగా ఈ ఇంట్లో కాచిన కాఫీలో నాకు గుక్కెడన్నా రావాలి కదండీ? రాలేదు. అంటే పరాయిదాన్నేగా?"

లెక్కల మాస్టారు ఆ మాటని అటు తిప్పి చూశారు, ఇటు తిప్పి చూశారు. తప్పు ఎక్కడా దొరకలేదు. చూరు కింద బుడే మెల్లిగా దగ్గాడు.

"వచ్చినామెను వానలో నిలబెట్టారేంటి పంతులుగారూ? ఎవరినైనా అట్టా నిలబెడతారా?"

గురునాథం గారు భార్య ముఖం చూశారు. ఏడ్చిన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆయనకి చటుక్కున సిగ్గేసింది. కుర్చీలోంచి లేచి, దాన్ని కండువాతో దులిపారు. "రండి, కూర్చోండి" అన్నారు. ఆవిడ కూర్చుంది. ఆ కుర్చీలో ఆవిడ కూర్చోవడం అదే మొదలు. ఏం మాట్లాడాలో తోచక, ఎవరొచ్చినా అడిగేదే అడిగారు.

"ఏ ఊరండీ మీది?"

"సింగరాయకొండండీ. మా అమ్మకి ఒంట్లో బాగుండటం లేదట. చూడాలని ప్రాణం కొట్టుకుంటోంది. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు."

మాస్టారు "వానలు తగ్గగానే పంపి... వెళ్దాం" అని గొణిగి, కాఫీకి వంటింట్లోకి వెళ్ళారు. గిన్నెలు పడ్డాయి. పొయ్యి ఊదుతూ దగ్గడం వినిపించింది. కాఫీపొడి అనుకుని కారం డబ్బా తీసినట్టున్నారు, వరసగా తుమ్ములు. ఇల్లంతా పొగ. ప్రసూనాంబ కుర్చీ కదల్లేదు. అతిథి వంటింట్లోకి వెళ్ళకూడదు కదా!

చాలాసేపటికి కళ్ళు తుడుచుకుంటూ రెండు గ్లాసులతో వచ్చారు. పాలలోనే పొడి వేసి మరిగించేసినట్టున్నారు, నోటి నిండా నలుసులు. ఆవిడ ఊదుకుంటూ, తీరిగ్గా, ఆఖరి గుక్క దాకా తాగింది.

"చాలా బాగుందండీ" అని గ్లాసు కింద పెట్టి లేచింది. "ఇక వెళ్ళొస్తాను."

ఇన్నాళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది? "అప్పుడే ఏం వెళ్తారండీ, భోంచేసి వెళ్దురుగాని!" అనేశారు మాస్టారు. అన్నాక నాలిక కరుచుకున్నారు.

"మీరింతగా అంటుంటే కాదనగలనా?" అని ప్రసూనాంబ మళ్ళీ కుర్చీలో కూర్చుంది. "నాకు వంకాయ కూరంటే ఇష్టమండీ."