అత్త కప్పిన తడిగుడ్డ

మా మేనత్త పోయిందని గద్వాల నుంచి మామ ఫోన్ చేసి చెప్పాడు. "మీ అత్త లేదు బిడ్డా. పొద్దుగాల ఎంత లేపినా లేవలే" అన్నాడు. వనపర్తి బస్టాండుకు ఎలా చేరానో, ఏ బస్సు ఎక్కానో నాకు గుర్తులేదు.

అత్త చీరలు నేసేది. ఇంట్లో పెద్ద గది ఒక్కటే. ఒక పక్క గుంట మగ్గం, ఇంకో పక్క మంచం, కిటికీలో కూలర్. నా చిన్నప్పుడు ఆమె జడ వేస్తే నొప్పి తెలిసేది కాదు. పడుగు పోగులు సరిచేసినట్టే ఓపికగా చిక్కు తీసేది. "తెంపుడు ఎంతసేపు బిడ్డా, అతుకుడే కష్టం" అనేది. జడ చిక్కుకైనా, చుట్టాల మధ్య మాట పట్టింపుకైనా అదే మాట.

గుండె బలహీనపడింది, ఉక్కలో కూర్చోవద్దు అని దవాఖానలో చెప్పారు. అయినా కూలర్ వేసేది కాదు. గంజి పెట్టిన నూలు ఆ చెమ్మకు మెత్తబడుతుందని ఆమె భయం. మేము వెళ్తే వేసేది, గడప దాటగానే కట్టేసేది. ఇక లాభం లేదని నేనే థర్మోస్టాట్ కొని పెట్టించాను. మధ్యాహ్నం గది వేడెక్కితే కూలర్ దానంతట అదే నడవాలి, చల్లబడితే ఆగాలి. స్విచ్చు ఆమెకు అందకుండా పైకి పెట్టించాను. వేడిని కనిపెట్టే చిన్న డబ్బా మాత్రం గోడ మీద ఆమెకు అందే ఎత్తులోనే ఉండిపోయింది.

"నా ఉక్క సంగతి దానికి తెలుస్తది గని, నా నూలు సంగతి తెల్వదు కద" అంది అత్త.

తర్వాత ఒకసారి చెప్పకుండా వెళ్లాను. బయట ఎండ మాడ్చేస్తోంది, కూలర్ కిక్కురుమనడం లేదు. అత్త చెమటలు కక్కుతూ మగ్గంలో ఉంది. డబ్బా మీద తడిగుడ్డ కప్పి ఉంది. ఆ డబ్బా పాపం గదంతా చల్లగా ఉందనుకుంటోంది.

"ఏంది అత్తా ఇది?"

"దానికి గూడ జర సల్లగ ఉండాలె కద" అని నవ్వింది.

"నన్నే ఇన్నేండ్లు గిట్ల నమ్మించింది బిడ్డా, గా డబ్బా ఎంత" అన్నాడు మంచం మీద కూర్చున్న మామ.

ఆమె ఇంకొన్నాళ్లు బతకాలని నేను, మగ్గం మీది చీర చెడకూడదని ఆమె. మా పోరంతా ఆ గుడ్డ దగ్గరే. మగ్గం దిగగానే గుడ్డ తీసేస్తానని చివరకు మాటిచ్చింది. ఎన్నిసార్లు తీసిందో మామకే తెలియాలి.

అత్త పోయిన రోజు ఆమెను సాగనంపి వచ్చి మామ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఆడవాళ్లం మగ్గం పక్కన కూర్చున్నాం. ఉన్నట్టుండి కూలర్ నడవడం మొదలైంది. చూస్తే డబ్బా మీద నిన్నటి గుడ్డ ఎండి బిర్రబిగుసుకుపోయి ఉంది. చల్లగాలి తగిలి ఎవరో ముసలామె అమ్మయ్య అంది. నాకు ఏడుపు ఆగలేదు. ఆ గాలి అత్తకు తగలాలనే కదా పెట్టించింది.

సగం నేసిన చీర మీద పోగులు గాలికి కదులుతున్నాయి. మామ లేచాడు. గుడ్డ తీసి చెంబులో ముంచి మళ్లీ డబ్బా మీద కప్పాడు.

"నూలు మెత్తబడతది" అన్నాడు, ఎవరి ముఖమూ చూడకుండా.

కాసేపటికి కూలర్ ఆగిపోయింది. ఆ ఉక్కలోనే అందరం కూర్చున్నాం. గుడ్డ అంచు నుంచి నీటిచుక్కలు గోడ వెంట జారి, మగ్గం గుంట పక్కన నేల మీద పడుతున్నాయి.