రాయి దుమ్ముకు బెల్లం మందనుకున్నాం

ధర్మసాగర్ చెరువు కట్ట ఎక్కుతూ సైకిల్ దిగాల్సి వచ్చిన రోజు బాగా గుర్తుంది. పదిహేనేళ్లుగా పనికి పోయే దారే అది. ఆ రోజు సగం ఎక్కేసరికి ఊపిరి అందలేదు. వెనకాలే వస్తున్న రాజన్న, నాతో పనిచేసేవాడు, నవ్వాడు. "ఏందే ఖాసిమన్నా, అప్పుడే ముసలోనివైతాన్నవా?" నేనూ నవ్వబోయాను. దగ్గు వచ్చింది.

ఇద్దరం గ్రానైట్ కోసేవాళ్లం. నీళ్లు పోస్తూ కోస్తే దుమ్ము లేవదు. కానీ బురదలో కోయాల్సిన గీత కనబడదు, పని సాగదు. అందుకని పొడిగానే కోసేవాళ్లం. సాయంత్రానికి పిండి గిర్నీలోంచి వచ్చినట్టు కనురెప్పలు కూడా తెల్లబడేవి. పని దిగాక తలా ఒక బెల్లం ముక్క తినడం మా దగ్గర ఆనవాయితీ. లోపలి దుమ్మంతా బెల్లంతో కడిగినట్టు పోతుందని నమ్మకం. ముక్కలు కొట్టి పంచేది నేనే.

రాజన్న కొత్తలో భార్య పోరు పడలేక మాస్కు కొనుక్కొచ్చాడు. అందరికంటే ఎక్కువ ఎగతాళి చేసింది నేను. "మూతికి చిక్కం ఏందిరా తమ్మీ, ఎద్దువా? బెల్లం తిను, ఏం ఫికర్ లేదు" అన్నాను. మర్నాడు మాస్కు లేకుండా వచ్చాడు.

నా దగ్గు తగ్గకపోతే దవాఖానకు పోయాను. ఎక్స్‌రే చూసి టీబీ కావచ్చన్నారు. కఫం టెస్ట్ నెగెటివ్ వచ్చినా ఆరు నెలలు మందులు మింగాను. మూత్రం ఎర్రబడింది, మనిషిని సగమయ్యాను, ఆయాసం మాత్రం పెరిగింది. చివరికి వరంగల్‌లో పెద్ద దవాఖానకు పోతే, అక్కడి డాక్టరు సీటీ స్కాన్ చూసి అడిగాడు.

"ఏం పని చేస్తవ్?"

"కూలి పని సార్."

"ఏం కూలి?"

"రాయి కోస్త సార్."

ఆయన పెన్ను పక్కన పెట్టాడు. "ఇది సిలికోసిస్. లోపల పడ్డ దుమ్ము తీసే మందు లేదు. ఈ రోజు నుంచే ఆ పని బంద్."

"రోజూ బెల్లం తిన్నం గద సార్?"

"బెల్లం కడుపులకు పోతది. దుమ్ము ఊపిరితిత్తులకు పోతది. రెండిటికీ తొవ్వ వేరు."

మర్నాడే రాజన్నను తీసుకెళ్లాను. అతని ఎక్స్‌రే నా దానికంటే ఘోరంగా ఉంది. నాలుగు నెలలు ఆక్సిజన్ మీద బతికాడు. ఒకనాడు ట్యూబు సర్దుకుంటూ, అడగకుండానే అన్నాడు. "నీ మీద కోపం లేదే అన్నా. నువ్వు గూడ బెల్లమే తిన్నవు గద." తిట్టి ఉంటే బాగుండేది. ఆ మాట ఇప్పటికీ నన్ను నిద్రపోనివ్వదు. వాళ్ల ఆవిడ ఎదురైతే సలాం పెట్టి తల దించుకుంటాను.

ఇప్పుడు నాకు పూటకోసారి ఇన్‌హేలర్. పది మెట్లెక్కితే కూర్చోవాలి. రాయి కోసే చోట్లకు పోయి నీళ్లు పెట్టి కోయమని, మంచి మాస్కు కట్టమని చెబుతాను. కొందరు నవ్వుతారు. వాళ్ల మీద కోపం రాదు, భయమేస్తుంది.

చదివేవాళ్లకు ఒక్క మాట. దవాఖానలో కూర్చోగానే రోగం కంటే ముందు మీ పని చెప్పండి. కూలి అంటే డాక్టరుకు ఏమీ తెలియదు. రాయి కోస్తానని, పత్తి మిల్లులో చేస్తానని, ఏది చేస్తే అది విడమరిచి చెప్పండి. మొదటి రోజే నేను ఆ ముక్క చెప్పి ఉంటే, రాజన్న ఆ ఆరు నెలలూ దుమ్ము పీల్చేవాడు కాదు.