పీల్చాల్సిన గోళీ

సౌదీలో అభా ఊళ్లోని ఆ చిన్న క్లినిక్‌లో నర్సు ఖాలిదా హస్తవాసికి మంచి పేరు. పసివాళ్ల చేతిలో నరం దొరకబుచ్చుకోవడం, గింజుకునేవాళ్ల కంట్లో చుక్కలు వేయడం ఆమెకు మంచినీళ్ల ప్రాయం. ప్రొద్దుటూరు నుంచి వచ్చిన ఈ పదకొండేళ్లలో ఏ మందును ఏ దారిన ఒంట్లోకి పంపాలో ఆమెకు ఒకరు చెప్పే అవసరం రాలేదు. ఆ సంగతి ఆమెకూ కాస్త ఎక్కువగానే తెలుసు.

ఆ మంగళవారం మొండయ్య మళ్లీ వచ్చాడు. జగిత్యాల వైపు మనిషి, టైల్స్ కోసే పని, ఆ దుమ్ముకు ఉబ్బసం. నెల రోజులు మందు వాడినా ఆయాసం తగ్గలేదు. ఇక పనిచేయలేడని డాక్టర్ రాసిస్తే కంపెనీ ఎగ్జిట్ వీసా కొట్టి ఇంటికి పంపేస్తుంది.

“సూదియ్యి సిస్టరమ్మా. గోళీలు నాకు పడ్తలెవ్వు.”

“సూది సంగతి తర్వాత చూద్దాంలేన్నా. గోళీ ఎట్ల ఏసుకుంటాండావో నా ముందర ఏసుకో.”

మొండయ్య జేబులోంచి గోళీ తీసి, నోట్లో వేసుకుని, గుక్కెడు నీళ్లతో మింగేశాడు.

“మరి దాంతో ఇచ్చిన మిషను యాడుంది?”

“పెట్టెల భద్రంగ ఉన్నది. ఉత్తగ ఇచ్చిన్రనుకున్న. మనవడు ఆడుకుంటడని దాసిన.”

ఆ గోళీని మిషనులో పెట్టి, తిప్పి, అందులోని పొడిని నోటితో పీల్చాలి. మింగితే కడుపులోకి పోతుంది తప్ప ఊపిరితిత్తులకు చేరదు. నెల కిందట ఖాలిదా ఆ మందిచ్చిన రోజు వరసలో నలభై మంది ఉన్నారు. “రోజుకు రెండు, తెలిసిందా?” అంది, అతను తలూపాడు. మొండయ్య ఎవరేం చెప్పినా తలూపుతాడు. దాన్ని నమ్మి వదిలేసింది తనే.

లోపలి గదిలో ఖాలిదా సంగతి చెప్పగానే డాక్టర్ మొండయ్య వైపు తిరిగి అరబ్బీలో అడిగాడు, సిస్టర్ నీకు చూపించలేదా అని. మొండయ్య ఒకసారి ఖాలిదాను చూశాడు. ఆమె ఉద్యోగానికి ఎసరొస్తుందనుకున్నాడేమో, వచ్చీరాని అరబ్బీలో, చూపించింది, నేనే మరిచిపోయానన్నాడు.

నేర్పినా నేర్చుకోనివాడితో ఎన్నాళ్లని వేగుతామంటూ డాక్టర్, ఇక పనిచేయలేడని రాసిచ్చే కాగితం ముందుకు లాక్కున్నాడు.

“లేదు డాక్టర్. నేను చూపించలేదు,” అంది ఖాలిదా.

డాక్టర్ ఆమెను నాలుగు మాటలన్నాడు. కాగితం పక్కన పెట్టి, మొండయ్యకు రెండు వారాల గడువిచ్చాడు.

బయటికొచ్చి ఆమె బీరువాలోంచి కొత్త మిషను తీసింది. సాయంత్రం వేసుకోవాల్సిన గోళీని ఎట్లా పీల్చాలో ఖాళీ మిషనుతో చూపించి, అతని చేతా రెండుసార్లు పీల్పించింది.

మొండయ్య మిషనును అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

“గింతేనా సిస్టరమ్మా?”