హబీబ్ గారి రెండు లంకలు

ఏలూరు తంగెళ్ళమూడిలో తివాచీలు నేసే హబీబ్ బతుకంతా కూర్చునే గడిచింది. మగ్గం ముందు పలక, పలక మీద అతను. అలాంటి మనిషికి అరవయ్యో పడి దగ్గరకొచ్చాక నీళ్ళ మీద నిలబడాలనే పిచ్చి పట్టింది.

పట్టించింది తివాచీయే. శ్రీలంకలో తుపాకులు కాస్త చల్లబడిన రోజులవి. అక్కడి సముద్రపు ఒడ్డున విడిది గదులు నడిపే ఒకాయన, వ్యాపారి ద్వారా ఓ బొమ్మ పంపి నేయమన్నాడు: ఇంతెత్తు అల, అల వీపు మీద చెక్క, చెక్క మీద మనిషి. తివాచీ కింద నుంచి పైకి పెరుగుతుంది గనక హబీబ్ ముందు నీళ్ళు నేశాడు, తరవాత పాదాలు, తరవాత మోకాళ్ళు. మెడ దాటేసరికి ఇక ఉండబట్టలేదు. బొమ్మలోని నున్నటి ముఖానికి తన నెరిసిన గడ్డంలాంటిదే ఊలు ముడులతో నేసి పెట్టేశాడు.

చీవాట్లు వస్తాయనుకుంటే కబురొచ్చింది: "ఆ గడ్డం ఆసామిని పంపండి. గది నాది, చెక్క నాది, నిలబెట్టే పూచీ నాది."

అయితే భార్య నసీమా లేకుండా కాలవగట్టు కూడా దాటడు హబీబ్. ఆవిడ ఊఁ అంటేనే ప్రయాణం.

"లంకకి వెళ్దామా? నీళ్ళ మీద సరదాగా నాలుగు రోజులుండి వద్దాం" అన్నాడు భయపడుతూనే.

"ఇన్నాళ్ళకి బుద్ధి పుట్టిందా అండీ! ఓ, వెళ్దాం" అంది ఆవిడ.

లంక అనే ఇంత చిన్న మాటకి ఇన్ని పనులు ఎవరు అప్పగించారో గాని, రావణుడి బంగారు కోటా లంకే, గోదావరి పాయల మధ్య మేటా లంకే, అక్కడ పండిన పొగాకూ లంక పొగాకే. కొల్లేటి నడుమ నాలుగిళ్ళున్న దిబ్బ కూడా లంకే. నసీమా అక్క అస్మా కాపురం అలాంటి దిబ్బ మీదే.

హబీబ్ సాధన మొదలెట్టాడు. నేల మీద రోకలి, రోకలి మీద పలక, పలక మీద తను. రోకలి దొర్లింది. హబీబ్ కూడా దొర్లాడు.

"ఈ వయసులో ఈ గెంతులేమిటండీ?"

"అక్కడ నిలబడ్డం రాకపోతే నవ్వుతారే!"

"దానికింత హైరానా దేనికి? మా బావగారు రోజూ దోనెలో నిలబడే వెళ్ళొస్తారు, చేతిలో క్యారేజీతో సహా."

తనకి ధైర్యం చెబుతోందనుకుని మురిసిపోయాడు హబీబ్.

"రేపు ఫొటో స్టూడియోకి వెళ్దాం. పాస్‌పోర్టుకి మంచి చీర కట్టుకో."

"మా అక్క ఇంటికి వెళ్ళడానికి పాస్‌పోర్టు ఏమిటండీ?"

అప్పుడు బయటపడింది లంకలు రెండని. తివాచీ, గడ్డం, కబురు, అన్నీ చెప్పుకున్నాడు. నసీమా ముక్కున వేలేసుకుంది.

"సముద్రం దాటా?"

"విమానంలోనేలే."

"విమానం కూడానా! సరే, ముందు మా లంకలో నిలబడి చూపించండి. నిలబడితే మీ లంక. పడితే మళ్ళీ ఆ ఊసెత్తకూడదు."

కొల్లేరు ఆ పూట పరిచిన తివాచీలా ఉంది. తోడల్లుడు షఫీ దోనె పట్టుకున్నాడు. హబీబ్ లుంగీ ఎగ్గట్టి, చేతులు చాపి నిలబడ్డాడు. నిలబడ్డాడు కూడానూ! అంతలో చేపల పెట్టెలతో ఇంజను పడవొకటి డుగడుగమంటూ పక్కనుంచి పోయింది. దాని వెనక జానెడు అల వచ్చింది.

హబీబ్ నీళ్ళలోంచి లేచేసరికి నెత్తిన గుర్రపుడెక్క మొక్క, దానికి ఊదారంగు పూలు.

"పూలు కూడా పెట్టుకున్నారే మరిదిగారూ!" అంది ఒడ్డునున్న అస్మా.

నసీమా కొంగు నోట్లో కుక్కుకుని, కూలబడి, కళ్ళనీళ్ళు పెట్టుకుని నవ్వింది. పెళ్ళయ్యాక ఆవిడ అలా నవ్వడం హబీబ్ ఎరగడు.

మాట మాటే. అన్నం దగ్గర ఊసెత్తలేదు, తిరుగు బస్సులోనూ ఊసెత్తలేదు. బస్సు ఏలూరు చేరుతుండగా నసీమాయే మోచేత్తో పొడిచింది.

"ఏవండీ, నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయా?"

"పడ్డాను కదే."

"పడ్డారు. జానెడు అలకే అంత బాగా పడ్డారు. మీ తివాచీలో ఉన్నంత అలకి ఎలా పడతారో నేను చూడొద్దూ?"

హబీబ్ గడ్డం నిమురుకుంటూ ఆవిడ వంక అనుమానంగా చూశాడు.

"చూపులెందుకండీ? ఫొటోకి పచ్చ చీరా, నీలం చీరా? అది చెప్పండి."