పసుపు డ్రమ్ములో ఖోకాలు

ముందే చెబుతున్నాను, ఇది నా అతి తెలివి ఒక బాలింత ఇంట్లో చిచ్చు పెట్టిన కథ. మీరు ఎంతైనా నవ్వుకోండి గానీ, నేను ఎక్కడుంటానో మాత్రం ఆ ఇంటివాళ్లకు చెప్పకండి.

అప్పుడు నేను కోదాడలో డిగ్రీ చదువుతున్నాను. చదువుతున్నానన్నది మా అమ్మ నమ్మకం. నిజానికి ఎన్‌సీసీ యూనిఫాం ఇస్త్రీ చేసుకోవడంతోనే నాకు పొద్దు గడిచేది. మాకు కవాతు, తుపాకీ నేర్పే హవల్దారును అందరం ఉస్తాద్ అని పిలిచేవాళ్లం. మా ఇంట్లోనే ముందు గదిలో కిరాయికి ఉండేవారు. ఆయన గొంతు పెద్దది, మనసు వెన్న. ఇప్పుడు తలుచుకున్నా నాకు ఆ గొంతే ముందు వినిపిస్తుంది.

ఆయన భార్య సాగర్ దగ్గర పుట్టింట్లో ఆడపిల్లను కన్నది. మా ఫైరింగ్ క్యాంపు వల్ల సెలవు దొరక్క, ఆయన ఆ బిడ్డ ముఖమే చూడలేదు. తెల్లవారితే తొట్టెల పండుగ. కాల్చిన తూటాల ఖాళీ ఇత్తడి గొట్టాలను ఖోకాలంటారు. వాటిని మిర్యాలగూడ స్టోర్లో అప్పజెప్పి, అటునుంచి అటే సాగర్ బస్సెక్కాలని ఆయన ఆరాటం. అప్పజెప్పనిదే సెలవు లేదు.

పండుగకు ముందురోజు పొద్దున ఖోకాల సంచి నా ముందు పెట్టారు.

"సైదులూ, జర ఈ సంచి కాడ కూసో. బిడ్డకు గౌన్లు కొనుక్కొస్త. కూసునుడే నీ పని, ఇంకేం చెయ్యకు."

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది. నన్ను ఊరికే కూర్చోమనడం, మేకను తోటలో వదిలి ఆకు ముట్టొద్దనడం ఒకటే.

సంచి విప్పాను. ఖోకాలన్నీ మసిబారి ఉన్నాయి. నా బుర్ర గిర్రున తిరిగింది. కొద్ది రోజుల ముందే నెట్ సెంటర్లో ఒక వీడియో చూశాను. ఎవరో విదేశీయుడు ఇలాంటి గొట్టాలనే పింగాణీ గుళ్లతో, సబ్బునీళ్లతో కలిపి డబ్బాలో గిరగిరా తిప్పితే తళతళలాడుతూ బయటికొచ్చాయి. మనమూ అలా మెరిపించి ఇస్తే స్టోర్ సారు మురిసిపోయి, ఉస్తాద్‌కు ఇంకాస్త సెలవు కలిపిస్తాడని నా ఆశ. చూశారా, ఉద్దేశం ఎంత మంచిదో!

గిరగిరా తిరిగే డబ్బా మా పెరట్లోనే ఉంది. అది నడిగూడెం బాబాయి పసుపు కొమ్ములకు పాలిష్ పట్టే డ్రమ్ము. దాని ఒంటినిండా కన్నాలే కాబట్టి లోపల గోనెపట్టా పరిచాను. పింగాణీ కోసం అమ్మ దాచుకున్న పగిలిన ఆవకాయ జాడీని రోట్లో వేసి దంచాను. సబ్బుకు బదులు గుప్పెళ్లకొద్దీ బట్టల సోడా. ఇక పిడి పట్టుకుని తిప్పడమే.

"ఏందిరా ఆ సప్పుడు?" అంది అమ్మ వంటింట్లోంచి.

"దేశసేవ అమ్మా."

"నీ సేవ సల్లగుండ! ఆ డ్రమ్ము కడిగినవా? అండ్ల పసుపున్నది."

"పసుపు మంచిదే కదా!"

చేతులు పడిపోయేదాకా తిప్పాను. నీళ్లు పోసి ఆరబెడితే, ఖోకాలు నిజంగానే మెరిశాయి. ఉస్తాద్ వచ్చి ముందు "ఏం చెయ్యొద్దన్న కదరా!" అని అరిచారు. తర్వాత ఒకదాన్ని ఎండలో తిప్పి చూసి, "మంచిగనే చేసినవ్" అన్నారు. ఆ ఒక్క మాటకు, సంచి మోయడానికి వెంట వెళ్లిన నేను బస్సులో మిర్యాలగూడ దాకా సీటు మీద ఆనలేదంటే నమ్మండి.

స్టోర్లో ఖోకాలను తూకం వేసి తీసుకుంటారు. అక్కడి సారుది గుంటూరు వైపు. కాటా చూసి కళ్లజోడు సవరించుకున్నాడు.

"ఉస్తాద్‌గారూ, ఇవి ఉండాల్సిన దానికంటే బరువున్నాయేంటండీ? తూటాలు కాల్చారా, మేపుకొచ్చారా?"

ఒకదాన్ని బల్లకేసి కొట్టాడు. లోపలినుంచి జాడీ ముక్క ఊడిపడింది. ఇంకోటి కొట్టాడు, ఇంకో ముక్క. పొట్టలో పింగాణీ లేని ఖోకా లేదు.

"ఇలా తీసుకోలేనండీ. పైకి రాయాలి. జవాబు వచ్చేదాకా మీరు కదలకూడదు."

"సార్, నా బిడ్డను ఇంకా సూడలే సార్."

అంత పెద్ద గొంతు అంత చిన్నగా పలకడం నేనెప్పుడూ వినలేదు. సారు కూడా కాస్త మెత్తబడ్డాడు.

"సరే, తాళం వేసేలోపు ముక్కలన్నీ తీసి, తూకం సరిగ్గా చూపించండి."

వరండాలో పిన్నీసులు పట్టుకుని ఇద్దరం కూర్చున్నాం. పసుపు, సోడా కలిసిన తడి ఇంకా లోపలే ఉంది, అదంతా వేళ్లకు అంటుకుంటోంది. ఆయన తల వంచుకుని ఒక్కో ముక్కనూ పెకలిస్తున్నారు. నాకు ఏడుపొచ్చేసింది.

"తిట్టండి ఉస్తాద్."

"తిట్టుకుంట కూసుంటే బస్సు పోతది. గీకు."

చివరికి తూకం సరిపోయింది. సారు నా మెరుపుల ఖోకాలను మూలనున్న మసి సంచిలో కుమ్మరించి, బూటు కాలితో తొక్కాడు.

"అయ్యో, ఎందుకు సార్?"

"కరగబెట్టడానికి పోతాయి బాబూ. మెరిస్తే ఎంత, మెరవకపోతే ఎంత?"

ఉస్తాద్ పరుగెత్తి, కదులుతున్న సాగర్ బస్సు పట్టుకున్నారు. కిటికీలోంచి చెయ్యి ఊపారు. అప్పుడు చూశాను, ఆ అరచెయ్యి ఎర్రగా ఉంది. నా చేతులు చూసుకున్నాను, అవీ అంతే. పసుపులో సున్నం కలిపితే పెళ్లిళ్లలో పెట్టే పారాణి అవుతుంది కదా, సోడా కలిపినా అంతేనని నాకు అప్పుడే తెలిసింది.

సెలవు ముగించుకుని ఆయన తిరిగొచ్చారు.

"బిడ్డ ఎట్లున్నది ఉస్తాద్?"

"మంచిగున్నది. నా ఏలు పట్టుకొని ఇడవలేరా." ఆ ముఖంలో వెలుగు చూసి ఊపిరి పీల్చుకున్నాను. తొందరపడ్డాను. "గని దాని కాడికి పోనియ్యనీకి మా అత్త గంటసేపు గడప కాడనే నిలబెట్టింది."

"ఎందుకు?"

"పురిటికి రానోడివి పారాణి చేతులతోని వచ్చినవ్, రెండో పెండ్లి యాడ చేసుకున్నవ్ అన్నది."

"మరి మీరేం చెప్పారు?"

"ఉన్నదే చెప్పిన. తూటాలు పసుపు డ్రమ్ముల తోమినం, అండ్ల ఆవకాయ జాడీ ఇరుక్కున్నది అని."

"నమ్మిందా?"

"గంత అబద్ధం ఎందుకు బిడ్డా, రెండో పెండ్లే అని ఒప్పుకో అన్నది."

వెంటనే సావధాన్‌లో నిలబడి, గుండె మీద చెయ్యి వేసుకుని ప్రమాణం చేశాను. ఈ జన్మలో ఇత్తడి అన్నదాన్ని తోమను, మెరిపించను, మెరిపించాలన్న ఊహ కూడా రానివ్వను. ఈనాటికీ ఆ మాట మీదే ఉన్నాను. దీపపు కుందులు తోమిపెట్టమని మా ఆవిడ అడిగినప్పుడల్లా ఈ కథంతా పూసగుచ్చినట్టు చెబుతాను. ఆమే నమ్మడం లేదు.