కోయకుండా ఉంచిన గోంగూర

2024 మే 11, శనివారం, ఉదయం ఏడున్నరకు మా వీధి చివరి చెట్టు పాదులో మొదటి పార దించాము. అది అమెరికాలో, షికాగో దగ్గరి నేపర్‌విల్‌లో, ఒకదానికొకటి ఆనుకున్న టౌన్‌హోమ్‌ల వీధి. కాలిబాటకూ రోడ్డుకూ నడుమ ఉన్న ఆ పాదులో ఒక బక్క చెట్టు, దాని మొదట్లో కలుపు, కాఫీ కప్పులు, కుక్కల పెంట. అంతకు మించి ఏమీ లేదు.

ఆలోచన ఎదురింటి చెల్లెమ్మది. గుంటూరు వైపు నుంచి వచ్చిన ఆ దంపతులు నేను వెళ్లే తెలుగు చర్చికే వచ్చేవారు. భర్త సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఆమెకు ఇక్కడ పనిచేసే అనుమతి లేదు. పక్కింటి వరంగల్ అన్న కార్‌లో మట్టి బస్తాలు తెచ్చారు. మూల ఇంటి అమెరికన్ వృద్ధుడు నీళ్ల గొట్టం ఇచ్చారు. నా తల్లిదండ్రులు పరుల పొలాల్లో కూలి చేసి, నా చేతికి మట్టి అంటకూడదని నన్ను చదివించారు. మా ఇంట్లో మొదటి పట్టభద్రుణ్ణి నేను. విత్తనం ఎంత లోతున వేయాలో నాకు తెలియదు.

“అన్నయ్యా, అది గోంగూర విత్తనం. సమాధి తవ్వుతున్నారేంటి?” అని ఆమె నవ్వింది.

జూన్‌లో ఆమె భర్త ఉద్యోగం పోయింది. మరో కంపెనీ ఆయన వీసా కోసం దరఖాస్తు చేసింది. అది మంజూరైతే ఉంటారు. కాకపోతే దేశం విడిచి వెళ్లాలి. ఆ ఆదివారం చర్చిలో ఆమె సంఘం ముందు నిలబడి మ్రొక్కుబడి చేసుకున్నది. వీసా వస్తే పాదులోని తొలి పంట బలిపీఠం ముందు ఉంచుతుంది. అంతవరకు ఒక్క ఆకైనా కోయదు. మా వైపు సంఘాల్లో ప్రథమ ఫలం దేవునిది. అర్పించక ముందు దాన్ని ఎవరూ నోట పెట్టరు.

జూలైకి గోంగూర గుబురుగా ఎదిగింది.

“ఏం చెల్లె, మీ దేవుడు తిన్నంక గానీ మాకు పచ్చడి లేదా?” అని వరంగల్ అన్న అడిగారు.

“లేదన్నా. ముందు అప్రూవల్, తర్వాతే పచ్చడి.”

“గట్లయితే జల్ది అప్రూవ్ చేయమను. మా ఇంట్ల మిరపకాయలు ఎదురుచూస్తున్నయ్!”

ఆయన మా చర్చి గడప తొక్కినవారు కారు. అయినా ఒక్క ఆకు తుంచలేదు.

గోంగూర కోసినకొద్దీ చిగురిస్తుంది. కోయకపోతే కాడ ముదిరి కట్టె అవుతుంది. ఆగస్టులో మొక్కలు ఆమె భుజాల ఎత్తు పెరిగాయి. కింది ఆకులు పండి రాలసాగాయి. రోజూ సాయంత్రం ఆమె ఒక చేత్తో గొట్టం, మరో చేత్తో ఫోన్ పట్టుకుని నిలబడేది.

“కాస్త కోద్దామమ్మా, మళ్లీ వస్తుందిగా” అన్నాను.

“దేవుడితో అన్న మాట మధ్యలో మారుస్తామా అన్నయ్యా?”

ఆమెకు నేను ధైర్యం చెబుతూనే ఉండేవాణ్ణి. పట్టుదలగా కనిపెట్టుకుని ఉన్నవారికి ఫలితం దక్కుతుందని నా చదువు నాకు నేర్పిందని నమ్మేవాణ్ణి.

సెప్టెంబరులో ఒక సాయంత్రం ఆమె భర్త పాదు దగ్గరికి వచ్చారు. “వీసా డినై చేశారు” అన్నారు. ఆమె నీళ్లు కట్టేసింది.

“ఇంకో కంపెనీ చూడరాదు తమ్మీ?” అని వరంగల్ అన్న అడిగారు.

“టైమ్ లేదన్నా. టికెట్స్ బుక్ చేశాను.”

ఏదో ఒకటి చేయాలనిపించి నేను వంగి ఒక కొమ్మ పట్టుకున్నాను. “కనీసం ఈ పూటకైనా కోసుకెళ్లమ్మా.”

“వీసా వస్తే దేవుడిది అన్నాను. రాలేదు. ఇప్పుడిది ఎవరిది అన్నయ్యా?”

నేను కొమ్మ వదిలేశాను. తరువాతి వారం వారు వెళ్లిపోయారు.

మేమూ కోయలేదు. అక్టోబరు మంచుకు ఆకులన్నీ నల్లబడి కాడలకు వేలాడాయి. వృద్ధుడూ నేనూ కాడలు నరికి చెత్త సంచుల్లో నింపాము.

ఆ తర్వాత మా వీధిలో ఎవరూ ఆ పాదులో ఏమీ నాటలేదు. నేను చర్చికి వెళ్తున్నాను. వీసా కోసం ప్రార్థన చేయమని అడిగేవారికి ఫలితం తప్పక వస్తుందని చెప్పడం మానేశాను.